గోల్ కన్నా ముందొచ్చే కేక

ఫుట్‌బాల్‌లో గోల్ అరుదు. ఇరవై రెండు మంది గంటన్నర పరుగెత్తితే రెండో మూడో పడతాయి, ఒక్కోసారి ఒక్కటీ పడదు. క్రికెట్‌లో బంతి బంతికీ ఏదో ఒకటి లెక్కలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఒకటి చూడలేకపోతే తర్వాతది ఉంటుంది. ఫుట్‌బాల్ అభిమాని దేనికోసం అంతసేపు కళ్లప్పగించి కూర్చుంటాడో అది రెప్పపాటులో జరిగిపోతుంది. ఆ రెప్పపాటుకు ముందు వరకూ ఏం కాబోతోందో ఆడేవాడికీ తెలియదు, చూసేవాడికీ తెలియదు. ఆట ప్రాణమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఫుట్‌బాల్ చూసే మాబోటివాళ్ల బాధ సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

2022 డిసెంబర్ 18, ఆదివారం రాత్రి. ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ప్రపంచ కప్ ఫైనల్. అర్జెంటీనా, ఫ్రాన్స్ చెరి మూడు గోల్స్ కొట్టి ఉన్నాయి, అదనపు సమయం కూడా అయిపోవస్తోంది. ఢిల్లీని ఆనుకున్న నోయిడాలో మా ఫ్లాట్‌లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నా తెరమీద బంతి ఇంకా మైదానం నడిమధ్యలోనే ఉంది. ఎదుటి టవర్ నుంచి ఒక్కసారిగా పెద్ద కేక లేచింది. వెంటనే అది తెగి, గుండెల మీద చెయ్యి వేసుకున్నప్పుడు వచ్చే నిట్టూర్పుగా మారింది. ఆ తర్వాత ఎన్నో సెకన్లకు నా తెరమీద ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువాని గోల్ కీపర్‌కు ఎదురుగా ఒంటరిగా దొరికాడు, కొట్టాడు, ఎమిలియానో మార్టినెజ్ ఎడమ కాలు చాచి ఆపేశాడు. ప్రపంచ కప్ చరిత్రలోనే గొప్ప సేవ్‌లలో అదొకటి. కోట్లమంది ఊపిరి బిగబట్టి చూసిన ఆ క్షణాన్ని నేను ఫలితం ముందే విని చూశాను. ఉత్తరం విప్పకముందే ఎవరో లోపలి సంగతి చెప్పేసినట్టయింది. షూటౌట్‌లో చివరి పెనాల్టీ కూడా అంతే. అర్జెంటీనా ఆటగాడు మోంటియెల్ ఇంకా బంతిని చేత్తో సరిచేసి పెట్టుకుంటున్నాడు, కింద రోడ్డు మీద టపాకాయలు మొదలయ్యాయి.

ఈ ఆలస్యం ఎందుకొస్తుందో తెలుసుకున్నాక కోపం తగ్గింది గాని బాధ తగ్గలేదు. స్టేడియంలో కెమెరా పట్టిన దృశ్యాన్ని ముందు చిన్నగా కుదిస్తారు, తర్వాత కొన్ని సెకన్ల పొడవున్న ముక్కలుగా కోస్తారు, ఒక్కో ముక్కనూ దేశమంతా పరచి ఉన్న సర్వర్లకు పంపిస్తారు. మన ఫోన్ ఆ ముక్కల్ని వచ్చింది వచ్చినట్టు చూపించదు. మధ్యలో ఆగిపోకుండా ఉండేందుకు కొన్నిటిని ముందుగా కూడబెట్టుకుని అప్పుడు ఆడిస్తుంది. ఇలా ప్రతి మెట్టు దగ్గరా కొంత కొంత కలిసి మొత్తం అర నిమిషం దాకా పోతుంది. డిష్ యాంటెన్నాతో చూసే పొరుగాయనకు సంకేతం ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి వస్తుంది, అయినా నాకన్నా ముందే అందుతుంది. వీటన్నిటికన్నా ముందొచ్చేది స్కోరు చెప్పే యాప్. క్రీడా సమాచారం అమ్మే సంస్థలు స్టేడియంలోనే మనుషుల్ని కూర్చోబెడతాయి. వాళ్లు కళ్లతో చూసి మీట నొక్కగానే గోల్ సంగతి ప్రపంచమంతా పాకుతుంది. ఆ తొందర అభిమానుల కోసం పుట్టలేదు. విదేశాల్లో ఆట నడుస్తుండగానే పందేలు కట్టించుకునే కంపెనీలకు ఒక్కో సెకనూ డబ్బు, అందుకని అంత వేగం. ఆ వేగం పక్కదారిన వచ్చి మన జేబులోని ఫోన్‌ను మోగిస్తుంది.

నోటిఫికేషన్లు ఆపేయొచ్చు కదా అంటారు. ఆపేశాను. కుటుంబం వాట్సాప్ గ్రూపును మాత్రం ఎలా ఆపగలం? మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో టీవీలో చూస్తాడు. కార్నర్ కిక్ కొట్టడానికి ఇక్కడ ఆటగాడు బంతి వైపు నడుస్తుంటేనే వాడి దగ్గర్నుంచి "బాబాయ్, చూశావా ఆ హెడర్?" అని వస్తుంది. "ఆగరా, నాకింకా రాలేదు" అంటాను. వాడు పాపం నొచ్చుకుంటాడు. ఆనందం పట్టలేక పంచుకోబోయినవాడు వాడు. పంచుకోవడంలో తప్పేముంది? ఇద్దరం ఒకే ఆటను రెండు వేర్వేరు గడియారాల మీద చూస్తున్నాం, అంతే. ఇప్పుడు మాలో మాకు ఒక కట్టుబాటు ఉంది: ఢిల్లీ వాళ్లు "సరే" అనేదాకా హైదరాబాద్ వాళ్లు నోరు విప్పకూడదు. వాడు ఆ మాట నిలబెట్టుకుంటున్నాడు. కానీ ఆ అర నిమిషం ఆగి, చల్లారాక వచ్చే మాటలో మొదటి కేక ఉండదు.

నిజానికి ఆలస్యం ఒక్కటే అయితే ఇంత చింత అక్కర్లేదు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్ ఆడి మోహన్ బగాన్‌ను ఓడించినప్పుడు, సుల్తాన్ బజార్‌లోనో సికింద్రాబాద్‌లోనో ఉన్న అభిమానికి వివరంగా తెలియాలంటే మర్నాటి పేపర్ రావాలి. అర నిమిషం కాదు, ఒక రాత్రి ఆలస్యం. అయితే ఆ ఆలస్యం ఊరందరికీ సమానం. పేపర్ వచ్చే వేళకు హోటల్ బల్ల చుట్టూ ఉన్నవాళ్లెవరికీ ముందు తెలియదు, తెలిసినప్పుడు అందరికీ ఒకేసారి తెలుస్తుంది. రేడియోలో వ్యాఖ్యానం వచ్చాక ఒక వీధి వీధంతా ఒకే క్షణాన ఎగిరేది. ఇప్పుడు మనకు పోయింది ఆ కలిసి తెలియకపోవడం, కలిసి తెలుసుకోవడం. ఒకే భవనంలో ఒకే మ్యాచ్ చూస్తున్న నూరు కుటుంబాలకు నూరు వేర్వేరు క్షణాల్లో గోల్ పడుతోంది.

చూడటానికి వీల్లేక అక్షరాల్లో చదువుకోవలసి వచ్చినప్పుడు ఇంకో రకం నరకం. అదే ప్రపంచ కప్‌లో నవంబర్ 22, మంగళవారం, మన టైం ప్రకారం మధ్యాహ్నం మూడున్నరకు అర్జెంటీనా–సౌదీ అరేబియా. గుర్గావ్, నోయిడా ఆఫీసుల్లో ఆ టైంకు ఎవరు టీవీ ముందు కూర్చోగలరు? మీటింగ్ నడుస్తుంటే బల్ల కింద ఫోన్. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ, గోల్. ఆ తర్వాత మొదటి సగంలోనే మరో మూడుసార్లు అర్జెంటీనా బంతిని వలలోకి పంపింది, మూడూ ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. "గోల్" అన్న మాట కనబడటం, గుండె ఎగరటం, చూస్తుండగానే ఆ వరస మాయమై "రద్దు" అని రావడం. ఆ టోర్నమెంటులో ఆఫ్‌సైడ్ పట్టడానికి స్టేడియం కప్పు కింద పన్నెండు ప్రత్యేక కెమెరాలు పెట్టారు. ఒక్కో ఆటగాడి ఒంటిమీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు కొలిచేవి. బంతి లోపల మరో పరికరం సెకనుకు 500 సార్లు సమాచారం పంపేది. ఇంత సూక్ష్మంగా నడిచిన తీర్పు, బల్ల కింద ఫోన్ పట్టుకున్నవాడి దగ్గరికి ఒక్క మాటగా చేరింది. భుజం ముందుందా, మోకాలు ముందుందా, అసలు నిజంగానే ముందున్నాడా, ఏదీ తెలియదు. రెండో సగంలో అయిదు నిమిషాల తేడాతో సౌదీ రెండు గోల్స్ కొట్టి 2–1తో గెలిచింది. అల్ దవ్‌సారీ కొట్టిన ఆ రెండో గోల్ ఎంత అందమైందో సాయంత్రం మెట్రోలో నిలబడి చూసుకున్నాను. అప్పటికి ఫలితం పాతబడింది. అందం కనబడింది గాని అదురు రాలేదు.

తెర మనకు అన్నీ చూపించి చేతులు కట్టేసిన రాత్రి కూడా ఒకటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర చెడుతుంది. 2024 జూన్ 11. దోహాలో ఖతార్‌తో భారత్ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్. అయిదు రోజుల ముందే కోల్‌కతాలో కువైట్‌తో గోల్ లేని డ్రా ఆడి సునీల్ ఛెత్రీ దేశం తరఫున వీడ్కోలు తీసుకున్నాడు. అతను లేని జట్టు, గెలిస్తే చరిత్రలో మొదటిసారి మూడో రౌండ్‌కు వెళ్లే అవకాశం. 37వ నిమిషంలో మన ఛాంగ్టే గోల్ కొట్టాడు. ఆట మొదలై గంట దాటినా ఆ ఆధిక్యం నిలిచింది. 73వ నిమిషంలో బంతి గోల్ పక్కనుంచి గీత దాటి బయటికి వెళ్లింది. ఖతార్ ఆటగాడు దాన్ని కాలితో లోపలికి లాగాడు, ఇంకొకడు వలలోకి కొట్టాడు. మనవాళ్లు ఆట ఆగిపోయిందనుకుని నిలబడిపోయారు. రిఫరీ గోల్ ఇచ్చాడు.

ఆ రౌండ్‌లో వీడియో రిఫరీ లేడు. మైదానంలో తీర్పు చెప్పవలసిన మనిషికి లేని దృశ్యం, ఇక్కడ మంచం మీద కూర్చున్న నా అరచేతిలో ఉంది. నిమిషం తిరక్కముందే బంతికీ గీతకీ మధ్య పచ్చిక కనబడే ఫోటోలు లక్షల ఫోన్లలోకి వచ్చేశాయి. మైదానానికి ఇన్ని వేల కిలోమీటర్ల దూరాన ఉన్నవాళ్లందరికీ నిజం తెలుసు, ఆ నిజం చెల్లే చోట నిలబడ్డవాడికి మాత్రం తెలియదు. 85వ నిమిషంలో ఖతార్ రెండో గోల్ కొట్టింది. 2–1. మనం బయటికి, కువైట్ ముందుకి. భారత ఫుట్‌బాల్ సమాఖ్య విచారణ కోరింది. ఫలితం మారలేదు. స్టేడియంలో ఉన్న అభిమాని కనీసం అరుస్తాడు, ఆ అరుపు రిఫరీ చెవిన పడుతుంది, పదివేలమంది కలిసి అరిస్తే లైన్ రిఫరీ ఒక్కసారైనా వెనక్కి చూస్తాడు. ఫోన్ పట్టుకున్నవాడి అరుపు ఇంట్లోవాళ్లను లేపుతుంది, అంతే. ఎంత స్పష్టంగా చూస్తే అంత నిస్సహాయత. మ్యాచ్ చూస్తుండగా ఇంతకన్నా పెద్ద వేదన ఆన్‌లైన్ అభిమానికి ఉంటుందని నేననుకోను.

చిన్న వేదనలు చాలా ఉన్నాయి. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మన రాత్రి పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలవుతుంది, ఢిల్లీ చలికాలంలో ఆ వేళ కళ్లు తెరిచి ఉంచడమే కష్టం, తెల్లారితే క్యాబ్ వస్తుంది. ఏ పోటీ ఏ యాప్‌లో వస్తుందో రెండు మూడేళ్లకోసారి మారిపోతుంది, ఒక్కోదానికీ వేరే చందా. భాష సంగతి ఇంకొంచెం గుచ్చుకుంటుంది. 2022 ప్రపంచ కప్‌ను మన దేశంలో ఇంగ్లీషు, హిందీ, తమిళం, మలయాళం, బెంగాలీ వ్యాఖ్యానాలతో ఆన్‌లైన్‌లో చూపించారు. తెలుగు లేదు. మా పిల్లకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుగులో చెప్పే గొంతు అక్కడ దొరికి ఉంటే బాగుండేది. నేనే చెప్పాను, చెబుతూ రెండు దాడులు చూడలేకపోయాను. చెప్పిన తృప్తి మాత్రం మిగిలింది.

మ్యాచ్ అయ్యాక జరిగే తిట్ల సంగతి రాయడం నాకిష్టం లేదు, కానీ దాటెయ్యలేను. పెనాల్టీ పోగొట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడి పేరు కింద గంటలో వేల బూతులు చేరతాయి. రాసేవాళ్లలో చాలామంది ఆ ఆటగాడు ఆడే ఊరిని మ్యాపులో చూసైనా ఎరగరు. మన సినిమా హీరోల అభిమానులు కొట్టుకునే తీరు ఫుట్‌బాల్‌కు కూడా వచ్చేసింది. పక్కనే అంకెల యుద్ధం ఒకటి. ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టే పద్ధతి మంచిదే, పెనాల్టీ అయితే నాలుగింట మూడు వంతులు అని అది చెబుతుంది, ఆట లోతు అర్థం కావడానికి పనికొస్తుంది. ఆ లెక్క చూపించి, నువ్వు కళ్లారా చూసిన ఆటను నీది కాదన్నట్టు వాదిస్తేనే మనసు విరిగిపోతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఒకటుంది, అది మా హైదరాబాద్‌కూ నేనుంటున్న ఢిల్లీకీ మధ్య జరిగింది.

ఈ రెండు ఊళ్లూ ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు ఇళ్లు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. 1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగినప్పుడు, రహీం శిక్షణలో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి బంగారు పతకం తీసుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ బంగారం. క్యాన్సర్ తినేస్తుండగా ఆ జట్టును నడిపిన రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశాడు. ఆ ఫైనల్ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ఇక ఢిల్లీ: 1888లో సిమ్లాలో పుట్టిన డ్యూరాండ్ కప్ 1940లో ఈ ఊరికొచ్చింది. ఆ ఏడే మహమ్మడన్ స్పోర్టింగ్ బ్రిటిష్ సైనిక జట్టును ఓడించి కప్ గెలిచింది. అప్పటివరకు సైనికేతర భారతీయ జట్టేదీ దాన్ని గెలవలేదు. ఢిల్లీ గేట్ దగ్గరున్న అంబేడ్కర్ స్టేడియం ఎన్నో దశాబ్దాలు ఆ పోటీకి నెలవు. 2016లో చివరిసారి అక్కడ ఫైనల్ ఆడారు. 2019 నుంచి డ్యూరాండ్ కోల్‌కతాకు వెళ్లిపోయింది.

2019లో ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2014 నుంచి ఆడుతున్న ఢిల్లీ డైనమోస్ మూటాముల్లె సర్దుకుని భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. డెల్ పియెరో ఆడిన జట్టు, రాబర్టో కార్లోస్ శిక్షణ ఇచ్చిన జట్టు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో దాన్ని చూసిన పిల్లలకు ఒక్క ప్రకటనతో జట్టు లేకుండా పోయింది. అదే ఏడు పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఇక్కడ జట్టు పోయిన దిగులు అక్కడి పుట్టుకతో కొంత తీరింది నాకు. గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానం, పసుపు రంగు చొక్కా. పుట్టిన మొదటి ఏడు అట్టడుగున నిలిచినా ఫరవాలేదనిపించింది.

తర్వాత కోవిడ్. 2020–21, 2021–22 సీజన్లు రెండూ ప్రేక్షకులు లేకుండా గోవాలోనే ఆడించారు. సరిగ్గా అప్పుడే కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో హైదరాబాద్ అద్భుతమైన జట్టయింది. ఒగ్బెచే ఆ రెండో సీజన్లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. అప్పటికి జనాన్ని రానిచ్చారు, స్టాండ్లన్నీ కేరళవాళ్లతో నిండిపోయాయి. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన షాట్‌తో స్కోరు సమమైంది. షూటౌట్‌లో మా గోల్ కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హైదరాబాద్ ఛాంపియన్. ఆ రాత్రి నేను ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. రహీం ఊరికి మళ్లీ కప్ వచ్చింది.

కానీ ఆలోచించండి. ఆ గెలుపు సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు. ఆ జట్టును తన ఊళ్లో, తన మైదానంలో ఆ ఏడు చూసిన హైదరాబాదీ ఒక్కడూ లేడు. కప్ గెలిచిన జట్టుకూ దాని ఊరికీ మధ్య ఉన్న బంధమంతా తెరమీద అల్లుకున్నదే. తర్వాతి సీజన్లో జనం గచ్చిబౌలికి వచ్చారు, జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఆ పైన డబ్బు కష్టాలు. జీతాలు అందక 2023–24 సీజన్ మధ్యలో ఆటగాళ్లు వెళ్లిపోయారు, సీజన్ మొత్తం మీద ఒక్కటే గెలుపు. యాజమాన్యం చేతులు మారింది. 2025లో క్లబ్బును హైదరాబాద్ నుంచి ఎత్తి ఢిల్లీకి తెచ్చారు. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

నేను నోయిడాలో కూర్చుని ఆ వార్త ఫోన్లో చదివాను. ఇక్కడున్న తెలుగు మిత్రులు అభినందనలు పంపారు: "మీ జట్టు మీ దగ్గరికే వచ్చింది!" వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం ఎవరింట్లో వస్తువో మా ఇంట్లో పెట్టినట్టనిపించింది. నేను ప్రేమించింది పదకొండు మంది జీతగాళ్లను కాదు, ఫలానా ఊరికి ఒక జట్టుండటాన్ని. మా అన్నయ్య కొడుకు ఆ రోజు గ్రూపులో ఏమీ రాయలేదు. నేనే ఫోన్ చేశాను. "నువ్వు చూడు బాబాయ్. నేనింక చూడను" అన్నాడు.

క్లబ్బులు ఊళ్లు మారడానికి కారణాలు డబ్బులో, నిర్వహణలో ఉన్నాయి, సందేహం లేదు. అయితే నాకు గట్టిగా అనిపించేది ఇది: తెరమీద మాత్రమే ఉన్న అభిమానం క్లబ్బును నేలకు కట్టి ఉంచలేదు. ఆన్‌లైన్‌లో చూసేవాడు గచ్చిబౌలిలో ఉన్నా గుర్గావ్‌లో ఉన్నా కంపెనీ లెక్కలో ఒకటే. వారం వారం వచ్చి అదే మెట్టు మీద కూర్చునే పదివేలమంది ఉన్న చోటునుంచి జట్టును కదిలించాలంటే చెయ్యి వణుకుతుంది. కోల్‌కతా నుంచి మోహన్ బగాన్‌నో ఈస్ట్ బెంగాల్‌నో ఇంకో ఊరికి తీసుకెళతామని ఎవరైనా అనగలరా?

ఆ ఢిల్లీ జట్టుకైనా వెంటనే ఆట దొరికిందా అంటే అదీ లేదు. సమాఖ్యకూ లీగ్ నడిపే సంస్థకూ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబర్‌తో ముగుస్తుందనగా, కొత్త ఒప్పందం తేలక జులైలోనే సీజన్ ఆపేశారు. ఫిబ్రవరి 14న మొదలవుతుందని 2026 జనవరిలో కేంద్ర క్రీడా మంత్రి ప్రకటించేదాకా లీగ్ ఉందో లేదో ఆటగాళ్లకే తెలియదు. ఈ మధ్యలో, 2025 డిసెంబర్‌లో, మెస్సీ వచ్చాడు. 13న హైదరాబాద్ ఉప్పల్ స్టేడియం, 15న ఢిల్లీ అరుణ్ జైట్లీ స్టేడియం. రెండూ క్రికెట్ మైదానాలే. వేలమంది వేల రూపాయలు పెట్టి వెళ్లారు, అతన్ని చూడాలన్న ఆశను నేను తప్పుపట్టను. అరుణ్ జైట్లీ స్టేడియానికి ఆనుకునే ఉంది అంబేడ్కర్ స్టేడియం. డ్యూరాండ్ ఫైనళ్లు చూసిన ఆ మెట్లకేసి ఆ రోజు తలతిప్పిన జనం ఎంతమంది?

అంబేడ్కర్ స్టేడియంలో ఢిల్లీ లీగ్ నడుస్తుంటుంది. దాని పేరు ఆన్‌లైన్‌లో దేశమంతా మోగింది నాకు తెలిసి ఒకే ఒక్కసారి: 2024 ఫిబ్రవరిలో, ఆటగాళ్లు కావాలనే సొంత గోల్‌లోకి బంతి కొట్టుకున్నట్టు అనుమానం కలిగించే వీడియో ఒకటి బయటికొచ్చినప్పుడు. అంతకుముందూ ఆ తర్వాతా ఎండలో చెమటోడ్చి నిజాయితీగా ఆడిన వందల మ్యాచ్‌ల్లో ఒక్క ముక్కా నా ఫోన్‌దాకా రాలేదు.

2018లో సునీల్ ఛెత్రీ ఒక వీడియోలో జనాన్ని వేడుకున్నాడు. ముంబైలో చైనీస్ తైపీతో మ్యాచ్‌కు రెండున్నర వేలమందే వచ్చారు, అతను హ్యాట్రిక్ కొట్టి 5–0తో గెలిపించాడు, చూసినవాళ్లు అంతే. యూరప్ క్లబ్బుల అభిమానులతో అతనన్నది చాలా సూటి మాట: మా స్థాయి వాళ్లది కాదు, ఒప్పుకుంటాం, అయినా వచ్చి చూడండి. ఇంటర్నెట్‌లో తిట్టడం కన్నా స్టేడియానికొచ్చి మొహం మీదే తిట్టండి. రెండు రోజుల తర్వాత కెన్యాతో మ్యాచ్‌కు వానలో స్టేడియం నిండింది. అది అతనికి నూరో మ్యాచ్, 3–0తో గెలిచారు. ఈ ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లో. ఆట నేర్చింది ఢిల్లీలో. ఇక్కడి సిటీ క్లబ్ తరఫున ఆడి, 2002లో మోహన్ బగాన్‌కు వెళ్లాడు. ఢిల్లీ లీగ్ మైదానాల్లో ఆ కుర్రాణ్ణి అప్పుడు చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గంత మందే అయివుంటారు. వాళ్ల అదృష్టం మీద నాకు అసూయ. వాళ్లకు ఆ కుర్రాడు ఏమవుతాడో ముందుగా ఎవరూ చెప్పలేదు.

2026 ప్రపంచ కప్ అమెరికా, కెనడా, మెక్సికోల్లో. 48 జట్లు, 104 మ్యాచ్‌లు, ఫైనల్ మన లెక్కన జులై 19 అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు. నేనూ చూస్తాను, ఎదుటి టవర్ వాళ్లు నాకన్నా ముందే కేక వేస్తారు. ఈసారి లాప్‌టాప్ మూసేసి వాళ్లింటికే వెళ్లి, అందరి మధ్య నేల మీద కూర్చుని చూడాలని నిర్ణయించుకున్నాను. రమ్మని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు.

ఢిల్లీలో, నోయిడాలో, గుర్గావ్‌లో, ఘజియాబాద్‌లో ఉన్న తెలుగువాళ్లకు నాదొక విన్నపం. యూరప్ మ్యాచ్‌లు మానమనను. ఢిల్లీ లీగ్ నడిచే రోజుల్లో మాత్రం ఒక సాయంత్రం వయొలెట్ లైన్ ఎక్కి ఢిల్లీ గేట్ స్టేషన్‌లో దిగండి, అంబేడ్కర్ స్టేడియానికి నడిచి రండి, పిల్లల్ని వెంటబెట్టుకు రండి. అక్కడ గోల్ పడితే అందరికీ ఒకేసారి పడుతుంది. కూర్చోడానికి చోటు కావలసినంత ఉంది.